హ్యాండిల్ బిగించడం సులువే, చూసుకోవడమే అసలు పని

బండి ఏ పక్కకు పడినా నేలకు ముందుగా తగిలేవాటిలో హ్యాండిల్ ఒకటి. బండి మొత్తంలో అటూ ఇటూ చాచుకుని ఉండేది అదే కాబట్టి, సైడ్ స్టాండ్ జారి ఒరిగినా, మలుపులో ఇసుక మీద పట్టు తప్పినా దెబ్బ దానికి తప్పదు. ఆ తర్వాత మెకానిక్ షెడ్డులో జరిగేదీ అందరూ చూసిందే. ఒక ఇనుప గొట్టం హ్యాండిల్ కొసకు తొడిగి, బలం కొద్దీ లాగి, ‘సరిపోయింది సార్’ అంటారు. బండి యజమాని కూడా ఒక కన్ను మూసి చూసుకుని, చేతిలో ఉన్నంత ఇచ్చి వెళ్లిపోతాడు. కొత్త హ్యాండిల్ వేయడమంటే పెద్ద పని అనీ, అది సొంతంగా వేసుకోవడమంటే సాహసమనీ మనలో చాలామందికి ఒక నమ్మకం. రెండూ నిజం కావు. మామూలు బండికి పాత హ్యాండిల్ విప్పి కొత్తది బిగించడం ఇంటి ముందు నీడలో కూర్చుని చేసుకోదగ్గ పనే. ప్రమాదమంతా బిగించాక సరిగ్గా చూసుకోకపోవడం వల్ల వస్తుంది. రేపు ఆ బండి మీద కూర్చోబోయే మనిషి చూసుకున్నంత శ్రద్ధగా మరొకరు చూడరు. సొంతంగా మార్చుకోవడానికి అసలు కారణం ఇదే. మిగిలే కూలి డబ్బులు ఆ తర్వాతి మాట.

చూడ్డానికి హ్యాండిల్ అంటే వంచిన గొట్టం, అంతే. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే స్ప్లెండర్, షైన్, బుల్లెట్ లాంటి బండ్లలో ముందు ఫోర్కులను పట్టి ఉంచే పై పలక మీద క్లాంపులు ఉంటాయి, వాటి మధ్య ఈ గొట్టాన్ని పెట్టి బోల్టులతో బిగిస్తారు. గ్రిప్పులు, లివర్లు కూర్చునే చోట గొట్టం వ్యాసం సాధారణంగా 22 మిల్లీమీటర్లు. అయితే బండిని తిప్పేదీ, ఆపేదీ, వేగం పెంచేదీ, గేరు మార్చేటప్పుడు ఇంజన్‌ను విడదీసేదీ అన్నీ ఈ గొట్టాన్నే పట్టుకుని ఉంటాయి. కుడి పక్కన యాక్సిలరేటర్, ముందు బ్రేకు. ఎడమ పక్కన క్లచ్చు. రెండు పక్కలా స్విచ్ బాక్సులు, అద్దాలు. హ్యాండిల్ మార్చామంటే వీటన్నిటినీ వాటి చోటు నుంచి కదిలించామన్నమాట. కదిలిన ప్రతిదీ మునుపటిలా పనిచేస్తోందని తేల్చుకునే దాకా పని పూర్తయినట్టు కాదు. పల్సర్ 220, ఆర్15 లాంటి బండ్లకు మాత్రం ఒకే గొట్టానికి బదులు రెండు విడి ముక్కలు నేరుగా ఫోర్కు కాళ్లకే బిగిసి ఉంటాయి. యాక్టివా లాంటి స్కూటర్లకు ప్లాస్టిక్ కవర్లు విప్పితే గాని హ్యాండిల్ కనిపించదు. వాటి పద్ధతి వేరు, వాటిని ఇక్కడ పక్కన పెడదాం.

కొత్తది కొనే ముందు, వంగింది నిజంగా హ్యాండిలేనా అన్నది తేలాలి. పడి లేచిన బండిని నేరుగా నడుపుతున్నా హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి ఉంటే, చాలాసార్లు గొట్టానికి ఏమీ అయి ఉండదు. దెబ్బకు ఫోర్కు కాళ్లు తమ క్లాంపుల్లో మెలి తిరిగి ఉంటాయి. షెడ్డులో కుర్రాడు ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్‌ను ఒక్క గుంజు గుంజేది ఈ మెలి తీయడానికే. ఫోర్కు బోల్టులు వదులు చేసి, కాళ్లను సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ బిగిస్తేనే అది పోతుంది, కొత్త హ్యాండిల్ వేస్తే పోదు. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. బండికి సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రాన్ని నేరుగా పెట్టి, నాలుగడుగుల దూరంలో ఎదురుగా నిలబడి చూడాలి. ఫోర్కు కాళ్లు రెండూ సమాంతరంగా లేకపోయినా, పై పలక చక్రానికి సరిగ్గా అడ్డంగా కాక ఏటవాలుగా ఉన్నా తప్పు ఫోర్కులది. పలకా చక్రమూ సరిగానే ఉండి, ఒక గ్రిప్పు మాత్రం కిందికో వెనక్కో దిగి ఉంటే తప్పు గొట్టానిది. సీటు వెనక మధ్యలో ఒక గుర్తు పెట్టుకుని, రెండు గ్రిప్పుల కొసల నుంచి అక్కడికి టేపుతో కొలిస్తే అనుమానం తీరిపోతుంది. కొన్ని బండ్లలో కింది క్లాంపులు రబ్బరు బుష్షుల మీద కూర్చుంటాయి. అవి నలిగిపోయినా హ్యాండిల్ ఒరిగినట్టే ఉంటుంది, కాబట్టి వాటినీ ఒకసారి చూడాలి.

వంగినదాన్ని లాగి సరిచేస్తే పోయేదానికి కొత్తది కొనడం దండగ కాదా అని అడిగేవాళ్లు ఉంటారు. ఇనుప తీగను ఒకే చోట అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి తెగుతుంది. హ్యాండిల్ ఒక్కసారే వంగింది, ఒక్కసారే లేచింది, అంతమాత్రానికే తెగుతుందా అంటే ఆ రోజుకు తెగదు. కానీ వంగిన చోట గొట్టం గుండ్రదనం పోతుంది, లోహం బిరుసెక్కుతుంది, పైపూత పగిలి ఆ పగులులో తుప్పు మొదలవుతుంది. అది కూడా ఎక్కడ? ఎక్కువగా క్లాంపు అంచు దగ్గర. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ముందుకు తూలే ఒంటి బరువును కాసేదీ, గుంతలో పడ్డప్పుడు దెబ్బ తినేదీ, ఇంజన్ అదురును గంటల తరబడి భరించేదీ ఆ చోటే. అల్యూమినియం హ్యాండిల్ విషయంలో ఈ చర్చ కూడా అక్కర్లేదు, వంగితే పారేయాల్సిందే. దాన్ని తిరిగి లాగితే కంటికి కనిపించని పగుళ్లు వచ్చి, ముందుగా ఏ సూచనా లేకుండా విరగవచ్చు. హ్యాండిల్ విరిగితే బండిని తిప్పే ఆధారమూ, ముందు బ్రేకూ ఒకే క్షణంలో చేజారతాయి. ఇనుప హ్యాండిల్ కొంచెం వంగిందనుకోండి, ఇంటి దాకా మెల్లగా నడుపుకుని రావచ్చు. దాన్నే లాగి సరిచేసి ఏళ్ల తరబడి నడపడం మాత్రం తెలివైన పొదుపు కాదు.

ఏ హ్యాండిల్ కొనాలన్న ప్రశ్నకు, సొంతంగా చేసుకునేవాళ్లకు ఒకటే జవాబు: బండితో పాటు వచ్చినదాని లాంటిదే, అదే పార్టు నంబరుతో. దీనికి కారణం వైర్ల పొడవు. క్లచ్చు వైరు, యాక్సిలరేటర్ వైరు, బ్రేకు హోసు, స్విచ్ బాక్సుల కరెంటు తీగలు అన్నీ ఆ హ్యాండిల్ ఎత్తుకూ వెడల్పుకూ లెక్కగట్టి పెట్టినవే. రెండంగుళాలు ఎత్తయిన హ్యాండిల్ వేస్తే బండి నేరుగా ఉన్నప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. పూర్తిగా తిప్పినప్పుడు వైర్లు బిగుసుకుంటాయి. మరీ పొట్టి హ్యాండిల్ వేస్తే వైర్లు పొడవై, మడతలు పడి, ట్యాంకుకూ ఫోర్కుకూ మధ్య నలుగుతాయి. మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా ఉండే రకం చూడ్డానికి బాగుంటుంది. కొసల్లో 22 మిల్లీమీటర్లే కాబట్టి లివర్లు, గ్రిప్పులు దానికి పడతాయి. మధ్య భాగం మాత్రం 28.6 మిల్లీమీటర్లు ఉంటుంది, అది మన క్లాంపుల్లో కూర్చోదు. ఆకారం ఒకటే అయితే వైర్లు అవే చాలు, బ్రేకు హోసు విప్పే పనే ఉండదు. పని ఇంటి దగ్గర చేసుకునేంత తేలికగా ఉండేది ఈ షరతు మీదే.

నచ్చిన ఆకారం వేసుకునే స్వేచ్ఛ లేదా, రోడ్డు మీద ఎంతమంది వేసుకోవడం లేదు అంటారు. స్వేచ్ఛకు చట్టమే ఒక హద్దు గీసింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. తయారీదారు నిర్ణయించిన స్వరూపానికి భిన్నంగా మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో చేరిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. వంగిన భాగం తీసి అలాంటిదే వేయడం మరమ్మతు. దానికి ఈ చిక్కు లేదు. మణికట్టు నొప్పి, నడుం నొప్పి అంటూ వేరే హ్యాండిల్ కోరేవాళ్ల ఇబ్బంది మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. అందులో చాలా భాగం ఉన్న హ్యాండిల్‌నే క్లాంపుల్లో కాస్త ముందుకో వెనక్కో తిప్పి, లివర్ల వాలు సరిచేస్తే తగ్గుతుంది. బండి మీద కూర్చుని వేళ్లు లివర్ మీద పెడితే మోచెయ్యి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో రావాలి. మణికట్టు పైకి విరుచుకుంటే లివర్ మరీ పైకి ఉన్నట్టు. అప్పటికీ తీరకపోతే, ఆ మోడల్‌కు కంపెనీయే ఆమోదించి అమ్మే వేరే హ్యాండిల్ ఉందేమో చూసి, దానికి సరిపడే వైర్లతో సహా సర్వీస్ సెంటర్లోనే వేయించుకోవడం మేలు.

ఇక పని సంగతి. ఒక్క బోల్టు కూడా విప్పకముందే సెల్‌ఫోన్‌తో అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీయాలి. ఏ వైరు ఫోర్కుకు ముందు నుంచి పోతోంది, ఏది వెనక నుంచి పోతోంది అన్నది తర్వాత గుర్తుండదు. ట్యాంకు మీద మందపాటి పాత దుప్పటి కప్పాలి. అద్దాలు, కొసల్లోని బరువులు, స్విచ్ బాక్సులు, క్లచ్ లివర్ ఒకదాని తర్వాత ఒకటి విప్పి, హ్యాండిల్ నుంచి పక్కకు జరపాలి. డిస్కు బ్రేకు ఉన్న బండికి బ్రేకు లివర్‌తో పాటు ఆయిల్ డబ్బా కూడా ఉంటుంది. దాన్ని హోసు మీద వేలాడదీయకూడదు, తలకిందులు చేయకూడదు, లివర్ నొక్కకూడదు. మూత పైకి ఉండేలా ఒక గుడ్డ పేలికతో దగ్గర్లో కట్టి ఉంచితే చాలు. డబ్బా ఒరిగితే హోసులోకి గాలి చేరవచ్చు. గాలి చేరిన బ్రేకు నొక్కితే మెత్తగా దిగిపోతుంది. బ్రేకు ఆయిల్ ఒక్క బొట్టు ట్యాంకు మీద పడినా పెయింటు లేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అలాంటి బ్రేకుల్లో చేరిన గాలిని తీయడం ఇంటి దగ్గర అయ్యే పనిగా అనుకోవద్దు. అందుకే హోసును ముట్టుకోకుండా పని ముగించడమే తెలివి.

గ్రిప్పుల దగ్గర చాలామంది తొందరపడతారు. జత గ్రిప్పుల్లో రెండూ ఒకటి కావు. ఎడమది నేరుగా గొట్టం మీద కూర్చుంటుంది, కుడిది గొట్టం మీద తిరిగే ప్లాస్టిక్ తొడుగు మీద కూర్చుంటుంది, అందుకే కుడిదాని రంధ్రం పెద్దది. పాతవి రాకపోతే బ్లేడుతో కోసి పారేయడమే సులువు. కొత్తవి ఎక్కడం లేదని నూనె గాని గ్రీజు గాని రాయడం ప్రమాదం. అది ఆరదు, వానలో గట్టిగా పట్టుకున్న రోజున గ్రిప్పు చేతిలోకి ఊడివస్తుంది. గ్రిప్పుల కోసం అమ్మే జిగురు రాసి, అది ఆరేదాకా బండి తీయకుండా ఉండాలి. కుడి పక్క ప్లాస్టిక్ తొడుగు తిరిగే చోట గొట్టాన్ని శుభ్రంగా తుడిచి, గ్రిప్పును మరీ చివరి దాకా నెట్టకుండా కొసలో కాస్త సందు వదలాలి. అక్కడ రాసుకుంటే యాక్సిలరేటర్ తిప్పాక వెనక్కి రాదు. కొసల్లోని బరువులు అలంకారం అనుకుని వదిలేసేవాళ్లున్నారు. ఇంజన్ అదురు చేతుల దాకా రాకుండా తగ్గించేవి అవే; అవి లేని బండిని గంటసేపు నడిపితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

బిగించడంలో బలం కన్నా వరస ముఖ్యం. హోండా, హీరో తరహా బండ్లలో గొట్టం మీద చిన్న చుక్క గుర్తు కొట్టి ఉంటుంది. ఆ చుక్క కింది క్లాంపు అంచుకు సరిగ్గా ఎదురుగా రావాలి. పై క్లాంపు మీద కూడా ఒక గుర్తు ఉంటుంది, అది ముందు వైపుకు ఉండాలి. ముందు బోల్టులు పూర్తిగా బిగించాక వెనకవి బిగించాలి, సందు వెనక వైపే మిగలాలి. మరికొన్ని బండ్లలో ముందూ వెనకా సందు సమానంగా ఉండాలి. మీ బండి ఏ రకమో మాన్యువల్ చెబుతుంది. ఈ 8 మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగువు అడుగుతారు. టార్క్ రెంచ్ లేకుండా ఇదెలా సాధ్యం అన్నది న్యాయమైన ప్రశ్నే. 25 న్యూటన్ మీటర్లంటే, 15 సెంటీమీటర్ల పిడి ఉన్న పానా చివర సుమారు 17 కిలోల బలంతో లాగడం. ఒంటి చేత్తో గట్టిగా లాగితే వచ్చేది అంతే. కాలితో తొక్కాల్సిన పని గాని, పిడికి గొట్టం తొడగాల్సిన పని గాని లేదు. కింది క్లాంపు చాలా బండ్లలో అల్యూమినియంది, బలం ఎక్కువైతే లోపలి మరలు ఊడిపోతాయి. అయినా టార్క్ రెంచ్ అరువు దొరికితే వాడడమే మంచిది. బ్రేకు డబ్బా క్లాంపు మీద ‘అప్’ అని రాసి ఉంటే ఆ అక్షరాలు నిటారుగా ఉండాలి, పై బోల్టు ముందు, కిందిది తర్వాత బిగించాలి.

స్విచ్ బాక్సు బిగించేటప్పుడు ఒక చిన్న వస్తువును దగ్గరగా చూడాలి. బాక్సు రెండు చిప్పల్లో ఒకదాని లోపల పెన్సిల్ ముల్లంత పొడుచుకు వచ్చిన ఒక మొటిమ ఉంటుంది. గొట్టానికి ఉన్న రంధ్రంలో అది కూర్చుంటే బాక్సు తిరగదు. చౌక రకం హ్యాండిళ్లకు ఆ రంధ్రం ఉండదు, లేదా తప్పు చోట ఉంటుంది. అప్పుడు చాలామంది ఆ మొటిమను అరగదీసి బాక్సు బిగించేస్తారు. కొన్నాళ్లకు కుడి బాక్సు గొట్టం మీద మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది, దానితో పాటే యాక్సిలరేటర్ వైరు కూడా. బండి నడుస్తుండగా వైరు బిగుసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కంపెనీ పార్టు మీద నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టమనేది ఇలాంటి చోట్ల కోసమే.

ఇప్పుడు అసలు పని. బండికి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదిలేయాలి. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు ఒకసారి, ఎడమకు పూర్తిగా తిప్పి ఒకసారి, కుడికి పూర్తిగా తిప్పి ఒకసారి. మూడుసార్లూ అది టక్కున వెనక్కి రావాలి. తర్వాత ఆరుబయట, బండి న్యూట్రల్‌లో ఉండగా ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తిప్పాలి. ఇంజన్ చప్పుడు కాస్తయినా పెరిగిందంటే వైరు ఎక్కడో లాగుతోంది. అలాంటి బండి యూటర్న్ తీసుకునేటప్పుడు దానంతట అదే దూకుతుంది. వైరు దారి సరిచేసే దాకా దాన్ని రోడ్డెక్కించకూడదు. యాక్సిలరేటర్‌కు 2 నుంచి 6 మిల్లీమీటర్లు, క్లచ్ లివర్ కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్లు వదులు ఉండడం మామూలు. బ్రేకు లివర్ గట్టిగా నొక్కి పట్టుకుంటే రాయిలా నిలవాలి, మెల్లగా లోపలికి దిగిపోకూడదు. లివర్ నొక్కినా పెడల్ తొక్కినా వెనక బ్రేకు లైటు వెలగాలి. హారన్, ఇండికేటర్లు, హెడ్‌లైటు హ్యాండిల్‌ను రెండు చివర్లకూ తిప్పి చూడాలి, ఎక్కడో తీగ నలిగి ఉంటే అప్పుడే బయటపడుతుంది. పూర్తిగా తిప్పినా ట్యాంకుకూ గ్రిప్పుకూ మధ్య వేళ్లు నలగకూడదు. చివరగా బండి మీద కూర్చుని రెండు గ్రిప్పుల మీదా ఒంటి బరువు మోపాలి. గొట్టం క్లాంపుల్లో వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

అనుభవం ఉన్న మెకానిక్ చెయ్యి మన చేతికన్నా నయం కాదా? విప్పడంలో, బిగించడంలో తప్పకుండా నయమే. బోల్టు ఎంత బిగిస్తే చాలో అతని చేతికి తెలుసు. కానీ షెడ్డులో మన బండి వెనక ఇంకో నాలుగు బండ్లు నిలబడి ఉంటాయి. కూలి పని లెక్కన తప్ప పరీక్షల లెక్కన రాదు. సందు చివరి దాకా ఒక రౌండ్ కొట్టి వస్తే అతని దృష్టిలో బండి బాగున్నట్టే. పైగా మీ క్లచ్చు నిన్న ఎక్కడ పట్టిందో, మీ బ్రేకు ఎంత నొక్కితే ఆగేదో మీకు తెలిసినట్టు అతనికి తెలియదు. తేడా పట్టడానికి ఆ జ్ఞాపకమే కొలబద్ద. అలాగని మెకానిక్ అక్కర్లేదని కాదు. ఫోర్కులు వంగినా, కింది క్లాంపు పగిలినా, మరలు పోయినా, బ్రేకు హోసు విప్పాల్సి వచ్చినా, ప్రమాదం తర్వాత ఏ వంకా కనిపించకుండానే బండి ఒక పక్కకు లాగుతున్నా పని అతనిదే. బీమా క్లెయిమ్ చేయదలిస్తే సర్వేయర్ చూసేదాకా దేన్నీ విప్పకూడదు. వారంటీ ఉన్న బండి అయితే సర్వీస్ సెంటర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాలి.

ఈ హద్దులు ఉన్నంత మాత్రాన అసలు మాట మారదు. కంపెనీ హ్యాండిల్, కొన్ని పానాలు, అలెన్ కీలు, బండి మాన్యువల్, సగం రోజు తీరిక ఉన్నవారెవరైనా ఈ పని చేయగలరు. సగం రోజు అన్నది కూడా విప్పి బిగించడానికి కాదు, ఏ పరీక్షనూ తోసిపుచ్చకుండా ఉండడానికి. పని అయ్యాక ముందు ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి, బ్రేకు పట్టి, మలుపులు తిప్పి చూడాలి. మర్నాడు బోల్టులన్నీ మరోసారి సరిచూడాలి. కొత్తగా బిగించినవి మొదటి ప్రయాణంలోనే కాస్త సర్దుకుని వదులు కావచ్చు. మెకానిక్ చేత మార్పించుకున్నవాళ్లు కూడా ఇవే పరీక్షలు షెడ్డులోనే, డబ్బు చెల్లించే ముందే చేసుకోవచ్చు. బిగించింది ఎవరైనా, పరీక్ష మాత్రం నడిపేవాళ్లదే.